రెండు పెద్ద పార్టీల మధ్య మూడో పార్టీ: ఆంధ్రప్రదేశ్, అమెరికా అనుభవాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు మూడో పార్టీకి వచ్చే ఓట్లకు, సీట్లకు మధ్య తేడా ఎందుకు వస్తుందో, ఆ పార్టీ ముందున్న మార్గాలేమిటో వివరించగలుగుతారు.

1. పరిచయం

2024 మేలో కృష్ణా జిల్లా కూచిపూడి ఓటరు రెండు ఓట్లు వేశారు. ఒకే కూటమి తరఫున మచిలీపట్నం లోక్‌సభ స్థానానికి జనసేన గాజు గ్లాసు గుర్తుపై, పామర్రు శాసనసభ స్థానానికి తెలుగుదేశం సైకిల్ గుర్తుపై అభ్యర్థులు నిలబడ్డారు. ఇద్దరూ గెలిచారు. 2019లో రాష్ట్రమంతటా ఒకే ఒక్క శాసనసభ స్థానం దక్కిన జనసేనకు ఇది ఎలా సాధ్యమైంది? జవాబు కోసం ముందు ఎన్నికల పద్ధతిని పరిశీలించాలి.

2. సాధారణ మెజారిటీ పద్ధతి

మన దేశంలో ఒక నియోజకవర్గంలో అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చిన వ్యక్తి గెలుస్తారు. సగానికి పైగా రానవసరం లేదు. ఉదాహరణకు 100 ఓట్లలో ముగ్గురు అభ్యర్థులకు 40, 35, 25 వచ్చాయనుకోండి. 40 వచ్చిన వారిదే గెలుపు. మిగిలిన 60 ఓట్లకు ప్రాతినిధ్యం ఉండదు. అందువల్ల ఓటరు తనకు నచ్చిన మూడో అభ్యర్థిని వదిలి, గెలవగల ఇద్దరిలో ఒకరిని ఎంచుకుంటాడు. ఇటువంటి పద్ధతి రెండు పార్టీల వ్యవస్థకు దారితీస్తుందని ఫ్రెంచి రాజనీతి శాస్త్రవేత్త మారిస్ డువెర్జర్ 1951లో ప్రతిపాదించాడు.

3. ఆంధ్రప్రదేశ్ అనుభవం

(అ) ఖాళీ స్థానాన్ని ఆక్రమించడం: 1978 ఎన్నికలలో కాంగ్రెస్ (ఐ)కి 175 స్థానాలు, జనతా పార్టీకి 60 స్థానాలు వచ్చాయి. తరువాత జనతా పార్టీ చీలిపోయింది. అధికార పక్షం అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. ఈ స్థితిలో నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం స్థాపించారు. 1983 జనవరిలో 294 స్థానాలలో 200కు పైగా ఆ పార్టీ గెలిచింది. ఆయన గుడివాడ, తిరుపతి రెండు చోట్లా గెలిచారు. బలమైన రెండో పార్టీ లేకపోవడం వల్ల కాంగ్రెస్ వ్యతిరేక ఓటు ఒకే చోటికి చేరిందన్నది ఇక్కడ గమనించాలి.

(ఆ) ఒంటరిగా నిలబడటం: 2008లో ఏర్పడిన ప్రజారాజ్యం 2009లో సుమారు 16 శాతం ఓట్లు సాధించింది. కానీ 294లో 18 స్థానాలే, అంటే 6 శాతమే దక్కాయి. సుమారు 37 శాతం ఓట్లతో కాంగ్రెస్ 156 స్థానాలు పొందింది. 1983లో లేని బలమైన ప్రతిపక్షం ఈసారి ఉంది. అందువల్ల ప్రజారాజ్యం మూడో స్థానంలోనే ఉండిపోయింది. 2011లో కాంగ్రెస్‌లో విలీనమైంది.

(ఇ) పొత్తు: జనసేన 2019లో 6 శాతానికి లోపు ఓట్లతో ఒక్క స్థానం గెలిచింది. 2024లో తెలుగుదేశం, బి.జె.పి.లతో కలిసి 21 శాసనసభ స్థానాలకే పోటీ చేసి, దివిసీమలోని అవనిగడ్డతో సహా అన్నీ గెలిచింది. ఓట్లు మాత్రం సుమారు 7 శాతమే. ఆ ఓట్లలో మిత్రపక్షాల ఓట్లూ కలిసి ఉన్నాయి. అంటే గెలుపుకు మూల్యంగా మిగిలిన స్థానాలను పార్టీ వదులుకుంది.

4. అమెరికా అధ్యక్ష ఎన్నికలు

అమెరికాలో అధ్యక్షుడిని 538 మంది సభ్యుల ఎలక్టోరల్ కాలేజీ ఎన్నుకుంటుంది. గెలుపుకు 270 ఓట్లు కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగిలిన రాష్ట్రాలలో అధిక ఓట్లు వచ్చిన అభ్యర్థికే ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ చెందుతాయి.

1992లో రాస్ పెరోకు సుమారు 19 శాతం ప్రజల ఓట్లు వచ్చినా, ఒక్క ఎలక్టోరల్ ఓటూ రాలేదు. 1968లో జార్జ్ వాలెస్‌కు 13.5 శాతమే వచ్చినా, అవి దక్షిణాదిలో కేంద్రీకృతమైనందున అయిదు రాష్ట్రాలలో గెలిచి 46 ఎలక్టోరల్ ఓట్లు పొందాడు. 2000లో ఫ్లోరిడాలో బుష్ ఆధిక్యం 537 ఓట్లు. అక్కడ రాల్ఫ్ నాడర్‌కు 97 వేలకు పైగా వచ్చాయి. నాడర్ లేకుంటే ఆ ఓట్లన్నీ అల్ గోర్‌కే పడేవని చెప్పలేము. అయినా స్వల్ప తేడా ఉన్నచోట మూడో అభ్యర్థి ప్రభావం ఎంతటిదో దీనివల్ల తెలుస్తుంది.

పొత్తు మార్గం అక్కడ ఇరుకైనది. మన రాష్ట్రంలో సీట్లను, మంత్రి పదవులను పంచుకోవచ్చు. అధ్యక్ష పదవి ఒక్కటే కనుక దానిని పంచుకోవడం కుదరదు. ఎవరికీ 270 రాకపోతే ప్రతినిధుల సభ రాష్ట్రానికొక ఓటు చొప్పున నిర్ణయిస్తుంది. ఆ సభలో ఉన్నది దాదాపుగా రెండు పెద్ద పార్టీల వారే. అయితే, 1854లో పుట్టిన రిపబ్లికన్ పార్టీ విగ్ పార్టీ కూలిపోయినప్పుడు దాని స్థానంలోకి వచ్చింది. 1860లో లింకన్ సుమారు 40 శాతం ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. ఈ అనుభవం మన 1983కు దగ్గరగా ఉంది.

5. సారాంశం

మూడో పార్టీ భవిష్యత్తు ఓట్ల సంఖ్యపైనే కాక, అవి ఎక్కడ పడ్డాయి, రెండో స్థానం ఖాళీగా ఉందా, పొత్తుకు వీలుందా అనే అంశాలపై ఆధారపడి ఉంటుంది. అయితే ఓడిన పార్టీకి వేసిన ఓటు వృథా అని తీర్మానించకూడదు. ఏ వర్గాల అసంతృప్తి ఎంత ఉందో పెద్ద పార్టీలకు ఆ ఓట్లే తెలియజేస్తాయి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. 1983, 2009 ఎన్నికలలో కొత్త పార్టీల ఫలితాలు వేర్వేరుగా ఉండటానికి కారణాలు రాయండి.
2. పెరో, వాలెస్‌ల ఫలితాలను పోల్చండి.
3. మీ నియోజకవర్గంలో గత ఎన్నికలలో మూడో స్థానంలో నిలిచిన అభ్యర్థి ఓట్లను గెలుపు తేడాతో పోల్చి, మీ అభిప్రాయం రాయండి.