జంట దోనెల పడవ

కాటమరాన్ అంటే రెండు సన్నని దోనెలను పక్కపక్కన ఎడంగా నిలిపి, అడ్డదూలాలతో గానీ వంతెన లాంటి గట్టి తట్టుతో గానీ కలిపిన పడవ. ఈ ఒక్క పద్ధతిలోనే ఇద్దరు ఆటగాళ్లు నీటిని కోసుకుంటూ దూసుకుపోయే పందెపు పడవా తయారవుతుంది, తాతా నానమ్మా బడికెళ్లే పిల్లలూ కలిసి నెలల తరబడి కాపురం చేయదగిన పడవా తయారవుతుంది. రెండింటికీ రెండేసి దోనెలు, ఒక తెరచాప కొయ్య, తెరచాపలు ఉంటాయి. ఏళ్ల తరబడి పందెపు పడవలు నడిపి, పిల్లలు పుట్టాక ఇంటిల్లిపాదికీ సరిపడే పడవ వెతుక్కునేవాళ్లు మొదట పొరబడేది ఈ పోలిక దగ్గరే.

నీటి మీద పడవ బోల్తా పడకుండా నిలవడానికి రెండు దారులున్నాయి. అడుగున బరువు కట్టాలి, లేదా వెడల్పు పెంచాలి. సముద్రంలో తిరిగే ఒంటి దోనె తెరచాప పడవకు అడుగున కీల్ అనే రెక్క దిగి ఉంటుంది. అందులో సీసమో పోత ఇనుమో ఉంటుంది. చాలా పడవల్లో మొత్తం బరువులో మూడో వంతు దానిదే. బరువైన రాయి అంటే ఏమిటో రాయలసీమలోని మంగంపేటవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడి గనిలో తీసే ముగ్గురాయి, అంటే బెరైటీస్, నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు తూగుతుంది. ఒక చేత కడప నాపరాయి ముక్కను, మరో చేత అంతే పరిమాణం ఉన్న ముగ్గురాయిని పట్టుకుంటే, రెండో చెయ్యి తెలియకుండానే కిందికి దిగుతుంది. సీసం ఇంకా ఎక్కువ, నీటికి పదకొండు రెట్లు. గాలి తోసి పడవను వాల్చినా ఆ బరువు మళ్లీ నిలబెడుతుంది. కాకపోతే దాన్ని ఎల్లకాలం ఈడ్చుకుంటూ తిరగాలి.

రెండో దారి రాయలసీమకు కొత్తది కాదు. తుంగభద్రలో చేపలు పట్టేవాళ్ల పుట్టి అలాంటిదే. వెదురు బద్దలతో అల్లిన ఆ గుండ్రటి బుట్టకు అడుగున బరువేమీ ఉండదు. వెడల్పే దాని బలం. గుండ్రంగా ఉండడం వల్ల గిర్రున తిరుగుతుంది గానీ వేగం అందుకోలేదు. కృష్ణలో బల్లకట్టు, గోదావరి పాయల్లో పంటు ఈ చిక్కును విప్పుకున్నాయి. రెండు పడవలను ఎడంగా నిలిపి పైన బల్లలు పరిస్తే వెడల్పు వస్తుంది, ఒక్కో పడవకు నీటిని చీల్చే సన్నదనమూ మిగులుతుంది. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి వశిష్ఠ పాయ దాటే పంటు మీద మోటారు సైకిళ్లు ఒక పక్క, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు మరో పక్క నిలబడి ఉంటారు. తెలుగు నేలకు తెలిసిన కుటుంబ కాటమరాన్ అదే.

పేరు కూడా ఈ తీరానిదే. తమిళంలో కట్టుమరం, తెలుగులో చెప్పుకుంటే కట్టు మాను. తేలికపాటి దుంగలను తాళ్లతో బిగించి కట్టిన ఆ సాధనాన్ని ఉత్తరాంధ్ర జాలర్లు తెప్ప అంటారు. అల లోపలికి వచ్చినా దుంగల సందుల్లోంచి వెళ్లిపోతుంది, కాబట్టి తెప్ప మునగదు. వేట నుంచి తిరిగి వచ్చాక కట్లు విప్పి, నీరు పీల్చిన దుంగలను ఇసుక మీద ఎండబెట్టేవారు. ఇప్పుడు దుంగల చోట ఎక్కువగా ఫైబర్ తెప్పలు వచ్చాయి. ఇంగ్లిషు నావికుడు విలియం డాంపియర్ 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో కోరమాండల్ తీరపు ఈ దుంగల కట్టను కాటమరాన్ అనే పేరుతోనే వర్ణించాడు. తెప్పకు రెండు దోనెలు లేవు. జంట దోనెలతో మహాసముద్రాలు దాటిన ఘనత పసిఫిక్ దీవుల పాలినీషియన్లది. యూరప్ వాళ్లు తర్వాతి కాలంలో ఈ తీరం పేరు తీసుకెళ్లి ఆ దీవుల పడవకు పెట్టారు. పేరు ఒక సముద్రానిది, రూపం మరో సముద్రానిది.

1660లలో యూరప్‌లో విలియం పెటీ అనే ఆయన జంట దోనెల ఓడలు కట్టించి పందెంలో గెలిచాడు గానీ, వాటిలో పెద్దది తుపానులో పోవడంతో ఆ ప్రయత్నం చల్లారింది. రెండు వందల ఏళ్ల తర్వాత అమెరికాలో నథానియెల్ హెరెషాఫ్ మళ్లీ అందుకున్నాడు. ఆయన పడవ అమరిలిస్ 1876 జూన్‌లో న్యూయార్క్ శతవార్షిక పందెంలో పెద్ద పెద్ద పడవలను వెనక్కి నెట్టేసింది. ఓడినవాళ్లు అభ్యంతరం చెప్పారు, అమరిలిస్‌ను అనర్హమన్నారు. హెరెషాఫ్ మరుసటి ఏడాదే పేటెంటు తీసుకున్నాడు, కానీ పేరున్న పందేల్లో ఆ జాతి పడవకు చాలాకాలం చోటు దొరకలేదు. ఒక మంచి ఆలోచనను గెలిచినందుకే గుమ్మం బయట నిలబెట్టడం అన్యాయం. దాని ఎదుగుదల ఆ మేరకు వెనకబడింది.

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ప్లైవుడ్, గట్టి జిగురు, ఆపైన ఫైబర్ గ్లాస్ అందుబాటులోకి వచ్చాక దారి రెండుగా చీలింది. ఒకటి ఆట దారి. కాలిఫోర్నియాలో సర్ఫింగ్ పలకలు చేసే హోబీ ఆల్టర్ 1960ల చివర హోబీ 14ను, ఆ వెంటనే హోబీ 16ను తెచ్చాడు. ఇసుక మీద నుంచి నేరుగా అలల్లోకి తోసుకుపోగలిగిన ఆ పడవ లక్షకు పైగా అమ్ముడైంది. టోర్నడో 1976 నుంచి 2008 దాకా ఒలింపిక్స్‌లో ఉంది. 2016 నుంచి నాక్రా 17 ఉంది. రెండోది కాపురం దారి. జేమ్స్ వారమ్ ఇంగ్లండ్‌లో సొంతంగా కట్టుకున్న ఏడు మీటర్ల టంగరోవాలో ఇద్దరు సహచరిణులతో కలిసి 1955-56లో అట్లాంటిక్ దాటాడు. ఫ్రాన్స్‌లో 1976లో ఫౌంటెన్ పాజో, 1984లో లగూన్ మొదలయ్యాయి. ఇవాళ కుటుంబాలు ఎక్కువగా చూసే పడవలు ఈ రెండో దారిలోవే.

ఈ రెండు దారులకూ అసలు తేడా మనిషి స్థానంలో ఉంది. హోబీ 16 బరువు సుమారు 145 కిలోలు, నడిపే ఇద్దరి బరువూ దాదాపు అంతే. గాలి బలమైనప్పుడు ఒకరు నడుముకున్న కొక్కేన్ని కొయ్య పైనుంచి దిగే తీగకు తగిలించుకుని, పడవ అంచు మీద రెండు పాదాలు ఆనించి, ఒళ్లంతా నీటి మీదికి వాల్చి వేలాడతారు. గాలి వైపు దోనె నీటిలోంచి లేస్తుంది, మొహానికి ఉప్పునీళ్లు కొడతాయి. అంగుళం ముందుకో వెనక్కో జరిగితే చాలు, పడవ నడకే మారిపోతుంది. కింది దోనె ముక్కు, అంటే అణియం, నీటిలో దిగబడితే పడవ మొగ్గ వేస్తుంది. బోల్తా పడినా తాడు పట్టుకుని ఇద్దరూ వెనక్కి వాలితే మళ్లీ నిలబడుతుంది. హుస్సేన్‌సాగర్‌లో నడిపే లేజర్ పడవ ఒంటి దోనెదే అయినా సూత్రం ఇదే. దాని దోనె 59 కిలోలు, నడిపేవారు చాలాసార్లు అంతకంటే బరువు. ఈ పడవల్లో మనిషి యంత్రంలో ఒక భాగం.

కుటుంబ పడవలో అలా కాదు. 1990ల చివర వచ్చిన లగూన్ 380ని చూస్తే పొడవు 11.55 మీటర్లు, వెడల్పు 6.53 మీటర్లు, ఖాళీ బరువే దాదాపు 7 టన్నులు. అందులో అయిదుగురు ఎటు కూర్చున్నా పడవకు పట్టదు. వాళ్ల బరువంతా కలిపినా 300 కిలోలు, అయిదు శాతం లోపే. ఇక్కడ మనిషి సరుకు కిందే లెక్క. అందువల్ల ఎంపికలో ముందు అడగాల్సింది గరిష్ఠ వేగం కాదు, ఎంత బరువు మోయగలదన్నది. 600 లీటర్ల మంచినీళ్లంటే 600 కిలోలు. డీజిలు, లంగరు గొలుసు, చిన్న పడవ, బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు ఒకదాని మీద ఒకటి చేరతాయి. సన్నని దోనె తక్కువ నీటిని తోసి తేలుతుంది కనుక బరువెక్కగానే లోతుకు దిగుతుంది, ఈడ్పు పెరుగుతుంది. కొలతకు మించి నింపిన కాటమరాన్ అదే పొడవు ఒంటి దోనె పడవకన్నా నెమ్మదిగా పోవచ్చు. పొడవు దోనె వెడల్పుకు ఎనిమిది రెట్ల దగ్గర ఉంటే కాపురానికి చోటెక్కువ. పన్నెండు రెట్లు దాటితే పరుగెక్కువ, మోత తక్కువ.

తర్వాత చూడాల్సింది నేల కింది ఖాళీ. రెండు దోనెల నడుమ తట్టుకూ నీటికీ మధ్య ఎత్తు తక్కువైతే ఎదురలలు కింద నుంచి బాదుతాయి. బల్ల మీది టీ గ్లాసు ఎగిరిపడుతుంది, కింద సుత్తితో కొట్టినట్టు చప్పుడవుతుంది, పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ఆ ఎత్తు పడవ పొడవులో ఇరవయ్యో వంతుకు తగ్గకూడదన్నది అనుభవజ్ఞుల కొలత. సరుకు నింపాక కొలిచిన ఎత్తే అసలు ఎత్తు. రేవులో ఖాళీగా తేలుతున్న పడవను చూసి మురిసిపోకూడదు.

పందెపు చెయ్యికి పైకీ కిందికీ జరిగే డాగర్ పలకలున్న పడవ నచ్చుతుంది, ఎదురుగాలికి అది బాగా ఎక్కుతుంది కాబట్టి. పిల్లలున్న ఇంటికి అడుగున సీసం లేని, కదలని పొట్టి కీల్ రెక్కలున్నదే మేలు. పలకలకు పెట్టే చోటు గదికి కలిసివస్తుంది, నీళ్లు తీసిన ఇసుక మీద పడవను నిలబెట్టవచ్చు. వంటిల్లు దోనె లోపల కాక పైతట్టు మీదే ఉంటే వండేవాళ్లు మిగతావాళ్ల మాటల్లో ఉంటారు, కిటికీలోంచి నీటి అంచు కనపడుతుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. పడవ పక్కకు వాలకపోయినా దాని కదలిక చిన్నదిగా, కుదుపుగా ఉంటుంది, కొందరికి అదీ పడదు. పాత పడవైతే అడ్డదూలం దోనెను కలిసే చోట బీటలు వెతకాలి. రెండు దోనెలూ చెరో అల మీద చెరో దారి పడుతుంటే ఒత్తిడంతా అక్కడే పడుతుంది. రెండు ఇంజన్లు ఎడంగా ఉండడం వల్ల ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిప్పి పడవను ఉన్నచోటే తిప్పవచ్చు. రేవుల్లో మాత్రం వెడల్పుకు అద్దె ఎక్కువ.

పందేలు నేర్పిన అలవాట్లలో ఒక్కదాన్ని పూర్తిగా మార్చుకోవాలి. ఒంటి దోనె పడవ గాలికి వాలి ముందే హెచ్చరిస్తుంది, పందెపు కాటమరాన్ దోనె ఎత్తి హెచ్చరిస్తుంది. కుటుంబ కాటమరాన్ చివరిదాకా సమంగానే ఉంటుంది. గాలి 10 నాట్ల నుంచి 20కి పెరిగితే తెరచాప మీద తోపు నాలుగు రెట్లవుతుంది, లోపల కూర్చున్నవాళ్లకు ఆ మార్పు తెలియదు. అడుగున సీసం లేదు కనుక తిరగబడితే తనంతట తాను లేవదు, ఏడు టన్నులను మనుషులు లేపలేరు. మునగకుండా తేలుతుంది, దోనెల పక్కన బయటపడే కిటికీలుంటాయి, అంతవరకే. కాబట్టి తెరచాప ఎప్పుడు కుదించాలో గాలి కొలిచే పరికరాన్ని, తయారీదారు ఇచ్చిన పట్టికను చూసి నిర్ణయించాలి. ఎంత చేయి తిరిగిన నావికుడైనా, తక్కినవాళ్లు నిద్రపోయే రాత్రి ప్రయాణంలో ఈదురుగాలి చీకట్లో ఎటు నుంచి వస్తుందో కనపడదు గనుక, పొద్దు గుంకక ముందే తెరచాపను ఒక మడత తగ్గించి కట్టుకుంటాడు.