పరుల పెట్టుబడి - ప్రజల పనులు

కాలువ, రేవు, విద్యుత్తు, బాట - ఇవి యెల్లరకును కావలసినవి. వీనిని నిర్మించుటకు ప్రభుత్వము చేత ధనము చాలనప్పుడు ధనవంతుల కంపెనీలను పిలుచుట లోకమున పరిపాటి యైనది. “పరులు పెట్టుబడి పెట్టినచో మనకు ఖర్చేమున్నది?” అని గ్రామములలో పలువురు మమ్ము అడుగుచుందురు. దీనికి ప్రత్యుత్తరముగా, మన నెల్లూరు తీరమునకు సంబంధించిన యొక పూర్వ వృత్తాంతమును సభ్యులకు విన్నవించుచున్నాము.

తుంగభద్ర నీటిని కర్నూలు, కడప సీమల మీదుగా మన కృష్ణపట్నపు రేవు వఱకు కాలువగా తెచ్చుట కాటను దొరగారి సంకల్పము. దారి పొడవునను పొలములు పండవలెను. ఆ కాలువపైననే పడవలు నడచి సరకులు సముద్రము చేరవలెను. ఈ పనికై 1858వ సంవత్సరమున లండనులో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ యేర్పడెను. దాని మూలధనము పది లక్షల పౌనులు. ఈ ధనముపై నూటికి అయిదు వంతున వడ్డీ ముట్టునట్లు ప్రభుత్వము హామీ యిచ్చెను. లాభము వచ్చినచో వాటాదారులది. రాకున్నను వారి వడ్డీకి లోపము లేదు. ఆ లోటును పూడ్చునది ప్రజలిచ్చు పన్నుల బొక్కసము.

సుంకేసులయొద్ద ఆనకట్ట కట్టి కాలువ త్రవ్వనారంభించిరి. మూలధనము చాలక ప్రభుత్వమే మఱికొంత అప్పిచ్చెను. సుమారు 190 మైళ్లు సాగి కాలువ కడపయొద్ద నిలిచిపోయెను. నెల్లూరు తీరమునకు ఆ నీటి చుక్కయైనను రాలేదు.

త్రవ్విన కాలువకైనను తగినంత రాబడి కలుగలేదు. కారణము వ్యవసాయము నెఱిగినవారికి సుబోధము. కర్నూలు సీమలోని నల్లరేగడి వానతేమను చాలకాలము పట్టియుంచును. జొన్న, కొఱ్ఱ, ప్రత్తి ఆ పదనుతోనే పండును. వానలు కురిసిన యేట రైతు రొక్కమిచ్చి నీరు కొననేల? ధాతు సంవత్సరపు కఱవున, అనగా 1876-78 నడుమ, అందఱును కాలువకొఱకు పరుగెత్తిరి. కఱవు తీరగానే గిరాకియు తగ్గెను. రైతునడుగక, నేలను చూడక కాగితముపై వేసిన లెక్క నేలపై తప్పెను. తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనెను. ఆ కాలువ తరువాతి తరములకు మేలు చేసిన మాట నిజమే. కాని కంపెనీ నష్టమును మోసినది కంపెనీ కాదు, ప్రజలు.

మన సంగతి వేఱు. నెల్లూరియొద్ద పెన్నపై 1855లోను, సంగముయొద్ద 1886లోను ఆనకట్టలు ప్రభుత్వ ధనముతోనే పూర్తియైనవి. మొలగొలుకుల బియ్యపు ఖ్యాతికి ఆధారము ఆ నీరే. ఆ రెండు ఆనకట్టలకు మాఱుగా కట్టిన బ్యారేజీలు 2022 సెప్టెంబరులో ప్రారంభమైనవి. ప్రభుత్వపు పనిలో జాప్యములును లోపములును లేవని మేము చెప్పము. అయినను తూము తెఱువకున్నచో అడుగుటకు మనకొక అధికారి, ఆపై శాసనసభ కలవు.

కాలువ చేరని కృష్ణపట్నమునకు కంపెనీలు మాత్రము మరల వచ్చినవి. అచ్చటి క్రొత్త రేవును నవయుగ సంస్థ నిర్మింపగా 2008లో పని ప్రారంభమయ్యెను. 2020లో దాని వాటాలలో నూటికి 75 వంతులు, 2021లో మిగిలిన 25 వంతులు అదానీ సంస్థకు చేరెను. రేవువలన సరకుల రాకపోకలు పెరిగి పలువురకు పని దొరకిన మాట కాదనరానిది. కాని వాటాలు చేతులు మాఱునప్పుడు మూటలు మోయువాని మాట నడుగువారెవరు?

రేవు చెంత నేలటూరులో దామోదరం సంజీవయ్యగారి పేర ప్రభుత్వ సంస్థ కట్టిన విద్యుత్కేంద్రము కలదు. దాని నిర్వహణమును ప్రైవేటువారికి ఒప్పగింపవలెనని 2021లో ప్రభుత్వము తలపెట్టగా, ఉద్యోగులును, భూములిచ్చిన గ్రామస్థులును ఆందోళనపడిరి. భూమి నిచ్చినవాడు ఉద్యోగముపై ఆశతో నిచ్చెను; యజమాని మాఱినచో ఆ మాట నెవరు నిలుపుదురు? ఇదియే వారి భయము.

పెట్టుబడి పెట్టినవాడు లాభము కోరుట తప్పుకాదు. అయితే వ్యయము తగ్గింపవలసినప్పుడు వడ్డీ తగ్గదు, యంత్రము ధర తగ్గదు. తగ్గించుటకు సులభమైనవి కూలియు, మరమ్మతులును. శాశ్వతోద్యోగి పోయి కంట్రాక్టు కూలి వచ్చును. కాలువ సంగతియు నిట్టిదే. ఏండ్ల తరబడి గట్టు నెఱిగిన లస్కరు తొలగినచో, గండి పడు చోటును ముందుగా కనిపెట్టువాడుండడు. లస్కరు జీతములో మిగిలిన ధనము చివరి మడిరైతు పంటలో పోవును. కావున సేవకుని కష్టమును రైతు కష్టమును వేఱు కావు.

మన బిడ్డలలో కంట్రాక్టు పనులకు పోవువారు పలువురు. కంట్రాక్టరు కూలి చెల్లింపనిచో అసలు యజమానియే చెల్లింపవలెనని చట్టమే విధించినది. హాజరు, కూలి వివరములు గల చీటీలను భద్రపఱచుకొనుడని వారికి చెప్పవలెను.

ఇక ముందు ఏ కంపెనీ మన గ్రామమునకు వచ్చినను, గ్రామసభలో ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు: నష్టము వచ్చిన నెవరు భరింతురు? రుసుము పెంచు నధికార మెవరిది? పనివారి జీతమునకును, భవిష్యనిధికిని పూచీ యెవరు? గడువు తీరిన పిదప ఆస్తి యెవరిది? జవాబులు ఒడంబడికలో వ్రాతమూలముగా నుండవలెను, నోటిమాట చాలదు.

మన సహకార సంఘమున వడ్డీ యెంతయో, జమాఖర్చు లేమో ప్రతి సభ్యునకును తెలియును; తెలియనిచో మహాసభలో అడుగు హక్కు కలదు. మన పది రూపాయల వాటాకే ఇంత లెక్క అడుగు మనము, కోట్ల రూపాయల ఒడంబడికలకు లెక్క అడుగకుండుట తగునా? సభ్యులు ఆలోచింతురుగాక.