అబ్బాయి మనసు విప్పి చెబితే...
(భార్యాభర్తలు కలిసి చదవండి)



నిరోధ్ అంటే గర్భం రాకుండా వాడేదనే చాలామందికి తెలుసు. హెచ్.ఐ.వి. సోకకుండా కాపాడేదీ అదే. ఈడొచ్చిన మీ అబ్బాయికి కూడా ఈ సంగతి తెలియాలి.

కొందరు అబ్బాయిలకు ఆడపిల్లల మీద కాక మగవారి మీదే మనసు పోతుంది. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసివేసింది. వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి కలిస్తే నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీ పెంపకంలో లోపమూ కాదు.

ప్రమాదం ఎక్కడ?

మలద్వారం లోపలి పొర పలచన. నిరోధ్ లేకుండా కలిస్తే అక్కడ హెచ్.ఐ.వి. తేలికగా సోకుతుంది. దానికి భయం తోడవుతుంది. "నాన్న కొడతాడు, ఊళ్లో పరువు పోతుంది" అనుకునే కుర్రవాడు ఎవరినీ అడగడు, పరీక్షకూ వెళ్లడు. క్రిమి ఏళ్ల తరబడి పైకి కనబడకుండా ఉండగలదు.

"పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అంటారు. సర్దుకోదు. పైగా ఏమీ తెలియని ఒక ఆడపిల్ల బతుకు చిక్కుల్లో పడుతుంది. క్రిమి ఉంటే ఆమెకూ, పుట్టే బిడ్డకూ సోకవచ్చు.

మీరు చేయవలసినవి

1. తిట్టకండి, కొట్టకండి, ఇంట్లోంచి పొమ్మనకండి. "నువ్వు మా బిడ్డవే" అనండి. తండ్రితో చెప్పుకోలేనిది మేనమామతోనో, బాబాయితోనో చెప్పుకోనివ్వండి. విన్నవారు నలుగురిలో అనకూడదు.

2. ప్రతిసారీ కొత్త నిరోధ్ వాడమనండి. కొబ్బరినూనె, వాజలైన్ రాస్తే అది చిరుగుతుంది. నీటితో తయారైన జెల్లీయే వాడాలి.

3. పరీక్షకు తోడు వెళ్లండి. మచిలీపట్నం, గుడివాడ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు, ఫలితం గుట్టుగా ఉంచుతారు. సోకిన కొత్తలో పరీక్షలో తేలకపోవచ్చు. మూడు నెలలకు మళ్లీ చేయించండి.

4. క్రిమి ఉందని తేలినా కుంగిపోకండి. 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ మానకుండా వేసుకుంటే క్రిమి పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. అలా తగ్గి ఉన్నంతకాలం కలయిక వల్ల ఇతరులకు సోకదు. 2017 నాటి చట్టం ప్రకారం వారిపై వివక్ష చూపకూడదు.

వరద వచ్చాక కాదు, రాకముందే కరకట్ట చూసుకోవాలని దివిసీమ రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. బిడ్డ విషయమూ అంతే.

సందేహాలుంటే 1097కు ఫోన్ చేయండి. డబ్బు ఖర్చు కాదు.

ఇంట్లో ఆదరణ ఉంటే బిడ్డకు ఆరోగ్యం!