పండుగ పిండివంటలు

పాఠ్యభాగ ఉద్దేశం

ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో పండుగ దినాలలో ఇంటిల్లిపాది కలిసి చేసుకొనే వంటకాలను, వాటి తయారీ పద్ధతులను, వాటి వెనుక ఉన్న ప్రజాజీవనాన్ని పరిచయం చేయడం. నోటిమాటగా, చేతిపనిగా వస్తున్న ఈ పాకవిద్యను సేకరించి భద్రపరచవలసిన ఆవశ్యకతను విద్యార్థులకు తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఒక జాతి సంస్కృతి దాని భాషలో, పాటలో, కట్టుబొట్టులో కనిపించినట్లే వంటింటిలోనూ కనిపిస్తుంది. ఏ ఋతువులో ఏ పంట ఇంటికి వస్తుందో, ప్రజలు ఏ పని చేసుకొని జీవిస్తారో, ఎవరెవరితో కలిసిమెలిసి ఉంటారో పండుగనాటి విస్తరిని చూచి చెప్పవచ్చు. ‘తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి’ అనే లోకోక్తి రుచికీ కథకూ సమానమైన గౌరవాన్ని ఇచ్చింది. అయితే భారతం గ్రంథస్థమైనది. గారెల పాకం మాత్రం ఇంకా తల్లుల చేతులలోనే ఉన్నది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలు చిరకాలం కరీంనగర్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. గోదావరికి దక్షిణాన ఉన్న ఈ నేలలో వరి, మొక్కజొన్న, పసుపు ముఖ్యమైన పంటలు. జగిత్యాల సమీపంలోని పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానంలో రూపొందిన ‘జగిత్యాల సన్నాలు’ అనే వరి రకం రైతులకు సుపరిచితమైనది. సిరిసిల్ల మరమగ్గాలకు ప్రసిద్ధి. ఈ ప్రాంతమంతటా ఎందరో స్త్రీలు బీడీలు చుట్టి సంసారానికి ఆసరాగా నిలుస్తున్నారు. ఎందరో పురుషులు ఉపాధిని వెదకుకొంటూ ముంబయి, భీవండి, సూరత్ నగరాలకూ గల్ఫ్ దేశాలకూ వలస వెళ్ళారు. ఈ పంటలు, ఈ పనులు, ఈ వలసలు అన్నీ ఇక్కడి పండుగ వంటలపై తమ ముద్ర వేశాయి.

సంక్రాంతి వస్తున్నదంటే ఇక్కడి వాడలలో మొదట వినిపించే మాట సకినాలు. వీటినే సకినపప్పాలు అని కూడా అంటారు. కొత్త పంట ఇంటికి చేరిన తరువాత వచ్చే పండుగ కనుక కొత్త బియ్యంతోనే వీటిని చేస్తారు. కిలో బియ్యానికి సుమారు పావుకిలో నువ్వులు, రెండు చెంచాల వాము, తగినంత ఉప్పు కావాలి. బియ్యాన్ని కడిగి, రాత్రంతా నానబెట్టి, ఉదయం నీరు పూర్తిగా వడకట్టి, తడి ఆరకముందే గిర్నీలో పట్టించాలి. ఆ పిండిని జల్లించి, పొట్టు తీసిన నువ్వులు, వాము, ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా నీరు చల్లుతూ మెత్తగా కలుపుకోవాలి. శుభ్రమైన పొడి నూలు బట్టను నేలపై పరచి, పిండిని చేతిలోకి తీసుకొని, వేళ్ళ నడుమ సన్నగా మెలివేస్తూ చిన్న వలయంగా మొదలుపెట్టి, దాని చుట్టూ మూడు నాలుగు వరుసలు చుట్టాలి. బట్ట పిండిలోని అదనపు తడిని పీల్చుకొంటుంది. కొంతసేపు ఆరిన తరువాత అట్లకాడతో జాగ్రత్తగా తీసి, మధ్యస్థమైన మంటపై కాగిన పల్లి నూనెలో వేయించాలి.

ఇందులోని ప్రతి పనికీ ఒక కారణం ఉన్నది. తడి పిండికి జిగి ఎక్కువ కనుక మెలివేసినా తెగదు. బియ్యం పాతవైతే జిగి తగ్గి వరుసలు విరిగిపోతాయి. బట్టపై ఆరనివ్వక వేయిస్తే లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై సకినం నూనెలో పేలే ప్రమాదం ఉన్నది. మంట ఎక్కువైతే పైన ఎర్రబడి లోపల పచ్చిగా మిగులుతుంది. ఈ సూక్ష్మాలు ఏ పుస్తకమూ చదవని అవ్వలకు తెలుసు. వాటిని వారు ‘ఎందుకు’ అని చెప్పరు. ‘ఇట్లా చెయ్యి బిడ్డా’ అని చేసి చూపుతారు.

సకినాలు ఒంటరిగా చేసే వంట కాదు. పెద్ద సంసారానికి కావలసినన్ని సకినాలు చుట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కనుక వాడకట్టులోని స్త్రీలందరూ ఒకరి ఇంట ఒకరు వంతుగా కూర్చుంటారు. నేడు ఈ ఇంట, రేపు ఆ ఇంట. కొందరి ఇళ్ళలో ముందుగా పిండితో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమలు పెట్టి పని మొదలుపెడతారు. వదినా మరదళ్ళ పరిహాసాలు, అత్తాకోడళ్ళ ముచ్చట్లు, పిల్లల అల్లరి అన్నీ ఆ పరచిన బట్ట చుట్టే సాగుతాయి. కొత్తగా పెండ్లి అయిన ఆడబిడ్డ అత్తవారింటికి పుట్టింటివారు సకినాలు పంపడం ఆచారం. ఆ సకినాలు అక్కడి బంధువులకూ ఇరుగుపొరుగుకూ పంచబడతాయి.

ఇటువంటి సామూహిక పాకం ప్రపంచంలో ఇతరచోట్ల కూడా ఉన్నది. కొరియా దేశంలో చలికాలానికి ముందు కుటుంబాలు, ఇరుగుపొరుగువారు కలిసి ‘కించీ’ అనే ఊరగాయను పెద్దమొత్తంలో చేసి పంచుకొంటారు. దక్షిణ కొరియాలోని ఈ సంప్రదాయాన్ని యునెస్కో సంస్థ 2013లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గౌరవం దక్కినది ఊరగాయ రుచికి కాదు, కలిసి చేసి పంచుకొనే ఆ పద్ధతికి. మన సకినాల బట్ట చుట్టూ జరిగేది కూడా అదే.

బతుకమ్మ పండుగ తెలంగాణకు ప్రాణప్రదమైనది. 2014లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. 2017 నుండి కొన్ని సంవత్సరాలపాటు ప్రభుత్వం పంపిణీ చేసిన బతుకమ్మ చీరలను సిరిసిల్ల మరమగ్గాలపై నేశారు. పూల పండుగగా పేరొందిన బతుకమ్మ నైవేద్యాల పండుగ కూడా. తొమ్మిది రోజులలో ఎన్నో రోజుల పేర్లు వంటకాల పేర్లే: అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ, వేపకాయల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ. ఆరవనాడు బతుకమ్మ అలిగినదని నైవేద్యం పెట్టరు. వేపకాయలంటే నిజమైన వేపకాయలు కావు. బియ్యప్పిండిని వేపపండ్ల ఆకారంలో చేసి నూనెలో వేయిస్తారు. చివరినాడు సద్దుల బతుకమ్మ. ఆనాడు పెరుగన్నం, చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం అనే సద్దులను కలుపుతారు.

సద్దులతోపాటు మలీద, సత్తుపిండి తప్పనిసరిగా ఉంటాయి. మలీద చేయడం సులభం. గోధుమ రొట్టెలను కాల్చి, వేడిగా ఉండగానే చిన్న ముక్కలుగా తుంచి, రోట్లో వేసి బెల్లంతో కలిపి దంచాలి. తరువాత కాస్త నెయ్యి, యాలకుల పొడి చేర్చి ముద్దలు కట్టాలి. రొట్టె వేడికి బెల్లం కరిగి ముద్ద నిలుస్తుంది. చల్లారిన రొట్టెతో ముద్ద కుదరదు. సత్తుపిండికి మొక్కజొన్నలను దోరగా వేయించి, విసిరి, ఆ పిండిలో బెల్లపు పొడి కలుపుతారు. చెరువుగట్టున బతుకమ్మను సాగనంపిన తరువాత స్త్రీలు వాయినాలు ఇచ్చుకొని, తెచ్చిన సద్దులను ఒకరి గిన్నెలోనివి మరొకరి చేతిలో పెట్టుకొని తింటారు. ‘మీ ఇంటి పొడి ఇంత కమ్మగా ఎట్లా వచ్చింది వదినా?’ అని ఒకరు అడగడం, ‘నువ్వులు వేగినాక ఆరనిచ్చి దంచాలె’ అని మరొకరు చెప్పడం అక్కడే జరుగుతుంది. పాకవిద్యకు చెరువుగట్టే పాఠశాల.

ఉగాదికి శనగపప్పు, బెల్లం పూర్ణంతో భక్షాలు చేస్తారు. వీటినే ఇతర ప్రాంతాలలో బొబ్బట్లు అంటారు. ఆనాటి పచ్చడిని కొత్త కుండలో పలుచగా కలిపి గిన్నెలలో పోసుకొని త్రాగుతారు. కజ్జికాయలు ఇక్కడ గరిజెలవుతాయి. బియ్యప్పిండిలో పల్లీలు, నానిన శనగపప్పు, నువ్వులు, కారం కలిపి, గంజు లోపలి వైపు ఒత్తి, వేలితో రంధ్రాలు చేసి నూనె వేసి కాల్చే సర్వపిండి పండుగకూ ఉంటుంది, వానపడిన సాయంకాలానికీ ఉంటుంది. రంజాన్ పండుగనాడు ముస్లింల ఇళ్ళలో సేమ్యా, పాలు, ఖర్జూరాలు, బాదం పప్పులతో చేసిన షీర్ ఖుర్మా పొరుగిళ్ళకు గిన్నెలలో వెళుతుంది. తెలంగాణ పల్లెలలో జరిగే పీర్ల పండుగలో హిందువులు కూడా పాల్గొని మలీదను పంచుతారు. ఒకే మలీద బతుకమ్మ దగ్గరా, పీర్ల దగ్గరా ఉండడం ఈ నేల సామరస్యానికి నిదర్శనం.

మన పెద్దలు ఋతువును గుర్తెరిగి వంటను ఏర్పరచుకొన్నారు. చలికాలంలో నువ్వులు, బెల్లం వాడడం ఆ కోవలోనిదే. నువ్వులలో కొవ్వు, మాంసకృత్తులు, కాల్షియం సమృద్ధిగా ఉంటాయి. నూనె వంట జీర్ణం కావడానికి వాము తోడ్పడుతుందని పెద్దల నమ్మకం. తడి ఇంకిపోయేలా వేగిన సకినాలు డబ్బాలో మూతబెడితే చాలా రోజులు నిలువ ఉంటాయి.

ఆ నిలువ ఉండే గుణమే వలసపోయినవారికి వరమైనది. పండుగకు ఇంటికి రాలేని కొడుకు కోసం తల్లి సకినాలను గుడ్డలో చుట్టి, డబ్బాలో సర్ది, ఊరినుండి వెళుతున్నవారి చేతికి ఇచ్చి పంపుతుంది. దుబాయిలో ఒకే గదిలో ఉంటున్న పదిమందికి ఆ డబ్బా పండుగను తీసుకువస్తుంది. భీవండిలో తరతరాలుగా స్థిరపడిన నేతకుటుంబాలు బతుకమ్మను మరువలేదు. దూరం పెరిగినకొద్దీ వంట ఊరికి ప్రతినిధి అవుతుంది.

నేడు పరిస్థితులు మారుతున్నాయి. సకినాలు, గరిజెలు దుకాణాలలో తూకానికి దొరుకుతున్నాయి. దీనిని నిందించనక్కరలేదు. వాటిని చేసి అమ్ముతూ ఎందరో స్త్రీలు ఉపాధి పొందుతున్నారు. దినమంతా బీడీలు చుట్టిన చేతులు రాత్రి సకినాలు కూడా చుట్టాలని కోరడం న్యాయం కాదు. పండుగ భారమంతా స్త్రీల మీదనే మోపి, పురుషులు తినడానికి మాత్రమే కూర్చునే అలవాటు మారవలసి ఉన్నది. కానీ కొనుక్కొనే సకినంతో రుచి వస్తుంది గాని విద్య రాదు. ఒక అవ్వ కన్నుమూస్తే ఆమె చేతిలోని కొలత ఆమెతోనే పోతుంది.

ఆ కొలతలను వ్రాసి ఉంచడం అత్యవసరం. మన పెద్దలు సోలెడు, తవ్వెడు, మానెడు అని చెబుతారు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. 1956 నాటి చట్టంతో దేశంలో మెట్రిక్ కొలతలు వచ్చినా వంటింట్లో పాత కొలతలు నిలిచాయి. ‘గుప్పెడు’, ‘చిటికెడు’ అన్నప్పుడు ఆమె గుప్పెట్లో పట్టినదాన్ని తూచి గ్రాములలో వ్రాసుకోవాలి. ‘వాసన వచ్చేదాకా’ అన్నప్పుడు ఎన్ని నిమిషాలు పట్టిందో గమనించాలి. చెప్పిన మాటను ఆమె మాండలికంలోనే వ్రాయాలి. అన్నిటికంటె ముఖ్యంగా ప్రక్కన కూర్చుని ఒకసారి చేసి చూడాలి. మొదటి సకినం వంకరపోవడం సహజం. పదవది నిలుస్తుంది. ఆడపిల్లలూ మగపిల్లలూ సమానంగా నేర్చుకొన్ననాడే ఈ పాకవిద్య తరువాతి తరానికి చేరుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

ఆవశ్యకత = అవసరం
పాకం = వంట
గిర్నీ = పిండిమర
గంజు = వెడల్పైన లోహపు వంటపాత్ర
వాడకట్టు = ఇరుగుపొరుగు ఇళ్ళున్న వీధి
సద్ది = వెంట తీసుకుపోయే అన్నం
జిగి = బంకతనం
అమూర్త = ఆకారం లేని
నిదర్శనం = ఉదాహరణ

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. సకినాల తయారీ విధానాన్ని, అందులోని ప్రతి దశకు గల కారణాన్ని వివరించండి.
2. పండుగ వంటలు మానవసంబంధాలను ఎట్లా పెంపొందిస్తాయో తెలపండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. బతుకమ్మ నైవేద్యాలను గూర్చి వ్రాయండి.
2. వలస జీవనంలో పండుగ వంటల స్థానం ఎట్టిది?

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. ఒక మానికకు ఎన్ని తవ్వలు?
2. బతుకమ్మకు ఏ నాడు నైవేద్యం పెట్టరు?

ఈ) సంధులు
పరమాన్నం = పరమ + అన్నం – సవర్ణదీర్ఘసంధి
లోకోక్తి = లోక + ఉక్తి – గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి

ఉ) సమాసాలు
పసుపు కుంకుమలు = పసుపు, కుంకుమ – ద్వంద్వ సమాసం
కొత్త కుండ = కొత్తదైన కుండ – విశేషణ పూర్వపద కర్మధారయం
తొమ్మిది రోజులు = తొమ్మిది సంఖ్యగల రోజులు – ద్విగు సమాసం

ఊ) మీ ఇంటిలోని పెద్దలను అడిగి ఒక పండుగ వంటకం తయారీని, వారు వాడిన మాటలతోనే, కొలతలతో సహా వ్రాసి తరగతిలో చదివి వినిపించండి.