మా ఇంటి చిన్న కెమెరా

ఈమధ్య అటక మీది సామాను దింపి సర్దుతుండగా మాకు ఒక పాత స్వీటు డబ్బా దొరికింది. అందులో గుడ్డ సంచిలో చుట్టిపెట్టిన చిన్న డిజిటల్ కెమెరా ఉంది. 2008లో మేము కొన్నది. రెండు పెన్సిల్ సెల్లు వేసి మీట నొక్కితే కీచుమంటూ లెన్సు బయటికి వచ్చింది. పిల్లలు పకపకా నవ్వారు. మాకు మాత్రం ఆ చప్పుడుతో ఎన్నో సంగతులు జ్ఞాపకం వచ్చాయి. ఈ చిన్న వస్తువు మా కుటుంబానికి నేర్పిన పాఠాలను మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాము.

కొనాలా, వద్దా?

అంతకుముందు మా ఇంట్లో కెమెరా లేదు. పెండ్లికో, బాప్తిస్మానికో స్టూడియో వారిని పిలిచేవాళ్లం. బంధువుల రీలు కెమెరా అడిగి తెచ్చుకుంటే 36 ఫోటోలు మాత్రమే వచ్చేవి. రీలుకు, కడిగించడానికి, ప్రింట్లకు వేరువేరుగా ఖర్చు. బొమ్మ బాగా వచ్చిందో లేదో వారం తరువాత గాని తెలిసేది కాదు.

డిజిటల్ కెమెరాల ధరలు దిగివచ్చాక మాకూ కోరిక పుట్టింది. వంటింటి కప్పు కారుతుండగా కెమెరా ఎందుకని ఇంట్లో వాదన జరిగింది. కుటుంబ ప్రార్థనలో ఈ సంగతి ప్రభువు ముందు పెట్టి ఒక నిర్ణయానికి వచ్చాము. ముందు కప్పు బాగుచేయించాలి. అప్పు చేయకూడదు, వాయిదాల మీద కొనకూడదు. మిగిలిన డబ్బుకు ఏది వస్తే అదే. అలా ఆరు నెలలు ఆగి, కొట్టులో ఉన్నవాటిలో చవకదాన్ని కొన్నాము. ఏడు మెగాపిక్సెళ్లు, మూడు రెట్ల జూమ్, పెన్సిల్ సెల్లతో పనిచేసేది.

లోపల ఏమున్నది?

మొట్టమొదటి డిజిటల్ కెమెరాను 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు తయారుచేశాడు. దాని బరువు మూడున్నర కిలోల పైమాటే. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. అటువంటిది జేబులో పట్టే వస్తువై మన ఇళ్లకు వచ్చింది.

దీనిలో రీలుకు బదులు సెన్సర్ ఉంటుంది. చవక కెమెరాలలో అది సుమారు 6 మిల్లీమీటర్ల పొడవు, 4 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే, అంటే చిటికెన వేలి గోరుకంటె చిన్నది. పాత రీలులో ఒక్కొక్క ఫ్రేము 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. వైశాల్యంలో దాదాపు 35 రెట్లు పెద్దది. అందుకే మసక వెలుతురులో ఈ చిన్న కెమెరాలు తీసిన బొమ్మలు ఇసుక చల్లినట్లు కనిపిస్తాయి. మెగాపిక్సెళ్లు ఎన్ని ఎక్కువుంటే అంత గొప్ప కెమెరా అని కొట్టువారు చెప్పేవారు గాని, మామూలు 4×6 అంగుళాల ప్రింటుకు రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు చాలును.

అనుభవం నేర్పిన మెళకువలు

మొదట్లో మా ఫోటోలన్నీ కదిలిపోయినట్లు వచ్చేవి. మీటను సగం నొక్కి ఆగితే కెమెరా దూరాన్ని, వెలుతురును సరిచూసుకుంటుంది. తరువాత పూర్తిగా నొక్కాలి. ఈ ఒక్క సంగతి తెలిశాక సగం ఫోటోలు బాగుపడ్డాయి. చిన్న ఫ్లాషు వెలుగు మూడు మీటర్లు దాటి పెద్దగా పోదు. కనుక రాత్రి కూడికలో వెనుక వరుసనుండి వేదికకు ఫ్లాషు కొడితే ముందు కూర్చున్నవారి తలలే తెల్లగా వస్తాయి. డిజిటల్ జూమ్ నిజంగా దగ్గరకు తీసుకురాదు, బొమ్మను కత్తిరించి సాగదీస్తుంది. దానికంటె మనమే నాలుగడుగులు ముందుకు వేయడం మేలు. మామూలు సెల్లు త్వరగా అయిపోతాయి గనుక మళ్లీ మళ్లీ చార్జి చేసుకొనే సెల్లు రెండు జతలు ఉంచుకున్నాము.

మరొక సంగతి. ప్రభువు బల్ల సమయములోను, ప్రార్థనలోను కెమెరా సంచిలోనే ఉండాలని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాము. అందరూ కన్నులు మూసుకొని ఉండగా ఫ్లాషు మెరిస్తే ఎంతమంది మనస్సు చెదురుతుందో ఆలోచించండి.

మేము పోగొట్టుకున్నది

కార్డు నిండినప్పుడెల్లా ఫోటోలను కంప్యూటరులోకి ఎక్కించి కార్డును ఖాళీ చేసేవాళ్లం. మరొక ప్రతి దాచుకోవాలని తోచలేదు. 2011లో ఒకరోజు ఆ కంప్యూటరు హార్డుడిస్కు చెడిపోయింది. మూడేళ్ల ఫోటోలు పోయాయి. పిల్లవాని మొదటి అడుగులు, నాన్నగారి చివరి క్రిస్మస్, అన్నీ. బాగుచేసేవారికి చూపిస్తే పెదవి విరిచారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ సరిగా భోజనం చేయలేదు.

అంతకన్న పెద్ద పాఠం మరుసటి ఏడాది నేర్చుకున్నాము. మా సంఘములో ఒక మామ్మగారు ఉండేవారు. ప్రతి ఆదివారం అందరికన్న ముందు వచ్చి, చాపలు దులిపి పరచి, కుండలో నీళ్లు నింపి, గుమ్మం పక్కన కూర్చొనేవారు. 2012లో ఆమె ప్రభువునందు నిద్రించారు. కూలిపని చేసుకొనే ఆమె కుమారుడు మా ఇంటికి వచ్చాడు.

“బ్రదర్‌గారూ, అమ్మ ఫోటో మీ కెమెరాలో ఉంటుంది కదండీ? ఓటరు కార్డు మీద ఉన్నది మొహం తెలియట్లేదండీ. జ్ఞాపకార్థ కూడికకు పెట్టుకుంటాము” అని అడిగాడు.

మేము తలలు దించుకున్నాము. 2010 క్రిస్మస్ ప్రేమ విందులో ఆమె ఉన్నారని మాకు జ్ఞాపకమే. కాని ఆ ఫోటోలు చెడిపోయిన డిస్కులో ఉన్నాయి. అవి ఉన్నా, ఆ రోజు తీసినవాటిలో ముప్పాతికవంతు మా పిల్లవానివే. నాలుగేళ్లుగా కెమెరా మా చేతిలో ఉన్నా, ఆమెను నిలబెట్టి ఒక్క ఫోటో తీయాలని మాకు తోచలేదు.

అప్పుడు మా ఇంటి ఇల్లాలికి ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ క్రిస్మస్ నాటకంలో పాల్గొన్న సండేస్కూలు పిల్లలకు ఒక్కొక్క ప్రింటు ఇచ్చాము. ఆ సాయంకాలమే ఇల్లిల్లూ తిరిగి అడిగాము. ఒక తల్లి తన బైబిలులో దాచిన ఫోటో తీసి ఇచ్చింది. గొర్రెల కాపరుల వేషంలో ఉన్న పిల్లల వెనుక, పులిహోర గిన్నె పట్టుకొని మామ్మగారు నవ్వుతూ కనబడ్డారు. స్టూడియోవారు ఆ ముఖం పెద్దదిగా చేసి ఇచ్చారు. కొంచెం మసకగానే వచ్చింది. కుమారుడు మాత్రం దాన్ని చేతిలోకి తీసుకొని చాలాసేపు మాట్లాడలేకపోయాడు.

కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలిని అందరూ దాటిపోయారు. ప్రభువు ఆమెను చూచాడు, శిష్యులకు చూపించాడు. మా కెమెరా ఎవరిని చూస్తున్నదని ఆ రోజు మమ్మును మేమే ప్రశ్నించుకున్నాము. అప్పటినుండి ప్రతి క్రిస్మస్‌కు సంఘములోని ఒక్కొక్క కుటుంబాన్ని నిలబెట్టి ఒక ఫోటో తీసి, ప్రింటు వేయించి వారి చేతికి ఇస్తున్నాము. వృద్ధులను ఒంటరిగా కూడా తీస్తున్నాము.

నేటి మాట

2010లో ప్రపంచమంతటా కలిపి సుమారు 12 కోట్ల డిజిటల్ కెమెరాలు సరఫరా అయ్యాయి. తరువాత ఫోనులోనే కెమెరా వచ్చి ఆ చవకరకాలను దాదాపు మూలకు నెట్టింది. ఈ మధ్య కొందరు యువతీయువకులు మళ్లీ పాతవాటిని వెదకి కొంటున్నారు. అలా కొనేవారు సెల్లు పెట్టే అర మూత గట్టిగా ఉందో లేదో చూడండి. మరీ పాతవి రెండు జీబీకి మించిన కార్డును చదవకపోవచ్చు. ప్రత్యేకమైన బ్యాటరీ కావలసినదానికంటె పెన్సిల్ సెల్లతో నడిచేది మంచిది.

కెమెరా అయినా ఫోనైనా మూడు పనులు మరువకండి. ప్రతి ఫోటోకు రెండు ప్రతులు వేరువేరు చోట్ల ఉంచండి. ఏడాదికి ఒక్క ఇరవై అయినా ప్రింటు వేయించండి. వాటి వెనుక పేర్లు, తేదీ మెత్తని పెన్సిలుతో వ్రాయండి. యొర్దాను దాటిన ఇశ్రాయేలీయులు పన్నెండు రాళ్లు గిల్గాలులో నిలబెట్టినది, రేపు పిల్లలు అడిగినప్పుడు దేవుడు చేసిన మేలు చెప్పడానికే గదా. పేర్లు లేని ఫోటోను చూపి మనం ఏమి చెప్పగలము?

వచ్చే ఆదివారం మీ సంఘములో ఒక్కసారి చుట్టూ చూడండి. గుమ్మం పక్కన కూర్చున్నవారికి ఒక ఫోటో అయినా ఉన్నదా? లేకపోతే వారి అనుమతి అడిగి, నాలుగడుగులు దగ్గరకు వెళ్లి, మీట సగం నొక్కి ఆగండి. ఆ ప్రింటు వారి చేతిలో పెట్టేవరకు ఆ పని పూర్తి కాలేదని జ్ఞాపకముంచుకొనండి. ప్రభువు మిమ్మును దీవించును గాక.