మిత్రుని మరణం – పరలోకంపై ఆశ



సమస్త స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

రక్తసంబంధీకుడు మరణిస్తే బంధుమిత్రులు మన గుమ్మానికి వచ్చి ఓదారుస్తారు. స్నేహితుడు మరణిస్తే పరామర్శలన్నీ అతని ఇంటికే వెళతాయి. ముప్పై ఏళ్ళు ప్రక్క వరుసలో నిలిచి నమాజు చేసిన మిత్రుని దుఃఖాన్ని అడిగేవారుండరు. వారసత్వంలో అతనికి వాటా లేదు, దుఃఖంలో మాత్రం ఉంది. ఈ దుఃఖాన్ని ఎలా మోయాలో దైవప్రవక్త (సఅసం) జీవితంలోనే చూడవచ్చు.

హజ్రత్ ఉస్మాన్ బిన్ మజ్ఊన్ (రజి) తొలినాటి విశ్వాసుల్లో ఒకరు. అబిసీనియాకు వలస వెళ్ళి తిరిగివచ్చిన ఆయనకు మక్కా ప్రముఖుడు వలీద్ బిన్ ముగీరా అభయమిచ్చాడు. తోటి ముస్లిములు హింసలు భరిస్తూ ఉంటే తానొక్కడు ఒక బహుదైవారాధకుని నీడలో సుఖంగా ఉండటం ఆయన మనసు ఒప్పుకోలేదు. ఆ అభయాన్ని బహిరంగంగా తిరిగి ఇచ్చివేశారు. హిజ్రత్ తరువాత కొద్దికాలానికే ఆయన మదీనాలో కన్నుమూశారు. దైవప్రవక్త (సఅసం) వచ్చి, ఆ నిర్జీవ దేహాన్ని ముద్దాడారు. అప్పుడు ఆయన కన్నుల నుండి అశ్రువులు ప్రవహించాయని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు.

కనుక కన్నీరు సహనానికి విరుద్ధం కాదు. గుండెలు బాదుకోవడం, బట్టలు చింపుకోవడం, అల్లాహ్ నిర్ణయాన్ని నిందించడం నిషిద్ధాలు. స్త్రీ తన భర్త కోసం తప్ప మరెవరి కోసమూ అలంకరణ విడిచి మూడు రోజులకు మించి సంతాపం పాటించరాదు. గుండెలోని బరువుకు మాత్రం షరీఅత్ గడువు విధించలేదు.

ఇక్కడ మరొక సంఘటనపై మనం కాస్త నిలిచి ఆలోచించాలి. ఉస్మాన్ (రజి)కు తన ఇంట ఆశ్రయమిచ్చి, రోగావస్థలో సేవలు చేసిన అన్సారీ మహిళ ఉమ్ముల్ అలా (రజి). అల్లాహ్ ఆయనను తప్పక గౌరవించాడని ఆమె మృతదేహం వద్ద సాక్ష్యమిచ్చారు. ఆ సంగతి నీకెలా తెలుసని దైవప్రవక్త (సఅసం) అడిగారు. ఉస్మాన్‌కు మేలే జరుగుతుందని తాను ఆశిస్తున్నానని, అయితే దైవసందేశహరుడినైనా తనతో ఎలా వ్యవహరించడం జరుగుతుందో తనకు తెలియదని అన్నారు. కన్నీరు కార్చిన ప్రవక్తే ఇలా ఎందుకన్నారు? పరలోక తీర్పు మన ప్రేమ చేతిలో లేదు, అది అల్లాహ్ చేతిలో ఉంది. తీర్పు మనమే ప్రకటించుకుంటే ఇక దుఆ చేయవలసిన పనేమున్నది? తరువాత ఉమ్ముల్ అలా (రజి) కలలో ఉస్మాన్ కోసం ప్రవహిస్తున్న ఒక ఊటను చూశారు. అది ఆయన సత్కర్మ అని దైవప్రవక్త (సఅసం) వివరించారు. ఆమెకు కావలసిన ఊరట ఆ విధంగా లభించింది.

ఉస్మాన్ (రజి) సమాధి వద్ద గుర్తుగా ఉంచవలసిన రాయిని ఒక వ్యక్తి ఎత్తలేకపోతే, దైవప్రవక్త (సఅసం) స్వయంగా చేతులు పైకి మడచుకొని మోసుకొచ్చారు. తన సోదరుని సమాధిని గుర్తించేందుకు, తన కుటుంబీకులను ఆయన ప్రక్కన ఖననం చేసేందుకు అలా చేశారు. పాలరాతి కట్టడం కాదు, ఒక రాయి.

మరణించిన మిత్రునికి మనం చేయగల మేలు ఏమిటి? మగ్‌ఫిరత్ కోసం దుఆ, సదఖా, అన్నింటికన్నా ముందు అతని అప్పు. మూడు దీనార్ల అప్పు మిగిల్చి మరణించిన వ్యక్తికి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (సఅసం) ముందుకు రాలేదు. ఆ అప్పు తనదని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ప్రకటించిన తరువాతే చేయించారు. మనలో కొందరు చహ్లుం భోజనాలకు కొత్త అప్పు చేస్తారు, మృతుని పాత అప్పు మాత్రం దుకాణం పద్దులో అలాగే ఉంటుంది!

ఇక పునస్సమాగమం మాట. ప్రళయదినాన స్నేహితులు పరస్పరం శత్రువులవుతారని, దైవభీతిపరులు మాత్రం అందుకు మినహాయింపని జుఖ్రుఫ్ సూరా 67వ ఆయతు తెలుపుతోంది. పాపంలో తోడైన స్నేహం అక్కడ తెగిపోతుంది. ఫజ్ర్‌కు లేపిన స్నేహం, తప్పును మొహం మీదే చెప్పిన స్నేహం నిలుస్తుంది.

ఒక వ్యక్తి ప్రళయం ఎప్పుడని అడిగితే, దానికి ఏమి సిద్ధం చేసుకున్నావని దైవప్రవక్త (సఅసం) ప్రశ్నించారు. అల్లాహ్‌పై, ఆయన ప్రవక్తపై ప్రేమ తప్ప మరేమీ లేదన్నాడతను. ప్రేమించినవారితోనే ఉంటావని ఆయన సెలవిచ్చారు. ఈ మాటకు ఆనందించినంతగా తామెన్నడూ ఆనందించలేదని హజ్రత్ అనస్ (రజి) చెప్పారు. ప్రవక్తను, అబూబక్ర్‌ను, ఉమర్‌ను తాను ప్రేమిస్తున్నానని, వారి కర్మలంతటి కర్మలు తనకు లేకపోయినా ఆ ప్రేమ వల్ల వారితోనే ఉంటానని ఆశిస్తున్నానని ఆయన అన్నారు.