ఒప్పందాల్లో నంద్యాల: కొన్ని విశేషాలు

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. సరిగ్గా రెండు రోజుల ముందు, ఏప్రిల్ 2న, భారత్–ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఈ రెంటికీ ఏమిటి సంబంధం అంటారా? పప్పుశనగ. మన నల్లరేగడిలో రబీ అంటే చాలామంది రైతులకు పప్పుశనగే. దాని ఎగుమతుల్లో ముందుండే దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి. ఆ ఒప్పందంలో మసూర్ పప్పుకు ఏటా లక్షన్నర టన్నుల వరకు సుంకం సగానికి తగ్గించారు. 51,000 టన్నుల పత్తికి సుంకమే లేకుండా చేశారు. శనగను మాత్రం పాలు, గోధుమ, బియ్యం, పొద్దుతిరుగుడు నూనెతో పాటు రాయితీల జాబితాలోకి రానివ్వలేదు.

అంతమాత్రాన రైతు నిశ్చింతగా ఉండటానికి లేదు. ఒప్పందంలో వేసిన గడియను మన ప్రభుత్వమే తీయగలదు. 2018 మార్చిలో శనగ దిగుమతి సుంకం 60 శాతానికి చేరింది. 2024 మేలో దేశీ రకం శనగ మీద సుంకం మొత్తం ఎత్తేశారు. మరుసటి ఏప్రిల్ నుంచి 10 శాతం వేశారు. అంతకు ముందే, 2023 డిసెంబరులో, పసుపు బఠానీకి సుంకం తీసేశారు. కెనడా, రష్యాల నుంచి ఓడల్లో దిగే ఈ బఠానీ శనగకంటే చౌక, దాని పిండి శనగపిండికి బదులు చెల్లుతుంది. శనగ మీద 100 శాతం దాకా సుంకం వేసుకునే హక్కు ప్రపంచ వాణిజ్య సంస్థలో మన దేశానికి ఉంది. ఆ హక్కును ఎంతవరకు వాడతారో అక్టోబరులో విత్తేటప్పుడే రైతుకు చెప్పాలి. పంట కల్లంలో ఉండగా సుంకం మార్చడం అన్యాయం.

ఆస్ట్రేలియాలో శనగను కోసేది మిషన్లు. మన శనగ మొక్క పొట్టిది, గుబురుగా పెరుగుతుంది. కాయలు నేలకు దగ్గరగా ఉండటంతో కోత మిషను బ్లేడుకు అందవు, అందుకే కూలీలు వంగి కోయాలి. 1906 నుంచి పనిచేస్తున్న నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం దీనికి జవాబుగా ఎన్‌బీఈజీ 47 రకాన్ని తెచ్చింది. మొక్క నిటారుగా, ఎత్తుగా లేస్తుంది, కాయలు పైన కాస్తాయి. ఒప్పందాల పోటీకి పొలంలో దొరికిన జవాబుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఈ విత్తనాన్ని రైతు మళ్లీ వేసుకోవచ్చా? నిక్షేపంగా. 2001 నాటి మొక్కల రకాలు, రైతుల హక్కుల చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన రకాన్నయినా రైతు దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు వేయకుండా అమ్ముకోవచ్చు. సంపన్న దేశాలు తమ వాణిజ్య ఒప్పందాల్లో యూపీఓవీ–1991 అనే విత్తన ఒడంబడికలో చేరమని చాలా దేశాలను అడుగుతున్నాయి. అందులో ఇంత వెసులుబాటు లేదు. భారత్ ఇప్పటికీ చేరలేదు. చేరకూడదు కూడా.

పత్తి గింజ కథ వేరు. 450 గ్రాముల బీటీ ప్యాకెట్ 1,850 రూపాయలు పలుకుతుండగా, అందులో 1,250 జన్యువు రుసుమే. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు ఫిర్యాదు చేసి, ధరను 750కి దించింది. విదేశీ కంపెనీ రుసుముకు ఒక రాష్ట్రం అడ్డుకట్ట వేయగలదని అప్పుడు తేలింది.

సోనా బియ్యంగా మన మిల్లుల నుంచి వెళ్లే బీపీటీ 5204 విడుదలైంది 1986లో. ప్రపంచ వాణిజ్య సంస్థ ధాన్యం మద్దతు ధరను నేటికీ 1986–88 నాటి అంతర్జాతీయ ధరతో పోల్చి, తేడా అంతా సబ్సిడీ కింద లెక్కగడుతుంది. పంట విలువలో 10 శాతం దాటితే తప్పు. 2018–19లో బియ్యం విషయంలో భారత్ ఆ హద్దు దాటింది, 2013 బాలి సమావేశంలో సాధించిన రక్షణ నిబంధనను వాడుకుంది. అలా వాడుకున్న మొదటి దేశం మనదే. రేషన్ బియ్యం నిల్వలకు శాశ్వత పరిష్కారం మాత్రం ఇంకా రాలేదు.

బనగానపల్లె మామిడికి 2017లో, ఆళ్లగడ్డ శిలాశిల్పానికి ఆ తర్వాత, భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపునిచ్చే 1999 నాటి చట్టం పుట్టిందే ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల. అయితే అదే ఒప్పందం వైన్లకు, సారాయిలకు అదనపు రక్షణ ఇచ్చింది. మామిడికి, రాతిబొమ్మకు ఇవ్వలేదు. ఐరోపా సీసాకు ఉన్న గౌరవం ఆళ్లగడ్డ ఉలికి ఎందుకు ఉండకూడదు?

గని–శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయినప్పుడు, ఒకేచోట ఉన్నవాటిలో ప్రపంచంలోనే పెద్దది. అంతకు ముందు ఏడాదే జాతీయ సోలార్ మిషన్‌లో దేశీయ పలకలే వాడాలన్న షరతు మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా వేసిన కేసులో భారత్ ఓడింది. ప్రభుత్వ కొనుగోళ్లకు మినహాయింపు ఉంది కదా అని మన వాదన. ప్రభుత్వం కొంటున్నది కరెంటు, పలకలు కాదు కనుక చెల్లదన్నారు. అమెరికా రాష్ట్రాలూ సొంత సరుకుకు ప్రోత్సాహకాలు ఇస్తున్నాయని మనం వేసిన కేసులో 2019లో ప్యానెల్ మన పక్షాన నిలిచింది. రెండు కేసులనూ 2023 జూన్‌లో రాజీతో ముగించారు.

విదేశీ పెట్టుబడికి ప్రభుత్వ హామీ మన ప్రాంతానికి కొత్త కాదు. నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా పారే కె.సి. కాలువను 1860లలో తవ్వింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. పది లక్షల పౌండ్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ ఖాయమని సర్కారు మాటిచ్చింది. నల్లరేగడి రైతులు మొదట్లో నీళ్లు అంతగా కొనలేదు. కంపెనీ నష్టపోయినా లండన్ వాటాదారులకు వడ్డీ ఆగలేదు, భారమంతా ఇక్కడి ఖజానాదే. చివరికి 1882లో సర్కారే కాలువను కొనేసింది.

భారత్ 2015 చివర్లో ఆమోదించిన నమూనా పెట్టుబడి ఒప్పందంలో ఒక మంచి నిబంధన ఉంది: విదేశీ కంపెనీ అంతర్జాతీయ మధ్యవర్తుల దగ్గరకు పోయే ముందు అయిదేళ్లు మన కోర్టుల్లో ప్రయత్నించాలి. 2024లో యూఏఈతో కుదిరిన ఒప్పందంలో ఆ అయిదేళ్లు మూడేళ్లయ్యాయి.